కట్ అంటే లేవాలె

మట్టెవాడ, వరంగల్
శ్రావణ మాసం

చిరంజీవి పూలమ్మకు నీ వదిన అనసూర్య దీవించి రాసేది.

ముందుగా మీ అందరి సంగతి చెప్పు. నీ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? కింద కూర్చుంటే లేవగలుగుతున్నావా? మొగిలయ్య అన్నకు షుగరు తగ్గిందా, లేక నీకు తెలియకుండా హోటల్లో చాయ తాగి వస్తున్నాడా? అల్లుడు కుమారస్వామి బండి మీద ములుగు పోయేటప్పుడు చెవులకు రుమాలు కడుతున్నాడా? చెవులు ముసలితనం దాకా కావాలి. పవర్లూముల మోతకు మీ అన్న చెవులు పోయాకనే ఆ సంగతి మనకు తెలిసింది. కోడలు నవనీత కడుపునొప్పికి దవాఖానలో ఏమన్నారు? మీ ఎర్రావు బాగుందా? గోదారి పొంగిందని టీవీలో చూపించారు. మీ ఇల్లు మెరక మీద ఉందని నాకు తెలుసు. తెలిసినా టీవీ కట్టేయనీయలేదు. రమేశ్ కోపం చేశాడు.

ఇక్కడ రమేశ్, కోడలు యమున, మనుమరాలు ఇందు బాగున్నారు. నేను తింటున్నాను, నిద్రపోతున్నాను. నాకేమీ లేదు.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. మీ అన్న దినాలు అయిపోయి నువ్వు బస్సెక్కిన నాటి నుంచి నీ గొంతు వినలేదు. ఏటూరునాగారంలో సిగ్నల్ రాదులే అని ఇందు అంటుంది. పిల్ల నా కోసం అబద్ధం చెబుతుంది. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని, తప్పులుంటే కూడబలుక్కుని చదువు.

ఎందుకు రాస్తున్నానంటే మీ అన్న సినిమా వచ్చింది. నిరుడు దసరా వెళ్లాక మన మగ్గం గదిలో తీశారు కదా, అదే. పేరు మూడో మగ్గం. ఒక ముసలి నేతగాడు మగ్గం పక్కన చచ్చి పడి ఉంటాడు. ఎవరు చంపారని పోలీసాయన ఒకరొకరినే పిలిచి అడుగుతాడు. చివరికి నూలు షావుకారు అని తేలుతుంది. ఆ చచ్చిన ముసలాయన మీ అన్న. పక్కన కూర్చున్న ముసలామెను నేను. మన ఇంట్లో ఉన్నది ఒకటే గుంట మగ్గం, ఇంకో రెండు విరిగినవి కొత్తవాడ నుంచి తెచ్చి పెట్టారు. పెద్ద సినిమా కాదు పూలమ్మా. కెమెరా ఒకటే. అందరికీ నేనే వండిపెట్టాను.

నేను చూడలేదు. ఏడాది తిరగనిదే టాకీసుకు ఎట్లా పోతాను? రమేశ్ మొదటిరోజే హనుమకొండ పోయి చూసి వచ్చాడు. కాళ్లు కడుక్కోకుండానే మగ్గం గదిలోకి పోయి కూర్చున్నాడు. ఎట్లా ఉందిరా అంటే బాగుందన్నాడు. అన్నం పెట్టాను. సగం తిన్నాక చెప్పాడు. మీ అన్న పీనుగై పడుకున్న చోట ఛాతీ పైకి లేచి కిందికి దిగుతున్నదట. ఊపిరి తీసే పీనుగును చూసి టాకీసు మొత్తం నవ్విందట.

"నేను గూడ నవ్విన్నమ్మా. అందరు నవ్వేవరకు నాకు గూడ నవ్వొచ్చింది. అటెన్క బయటికొచ్చిన," అన్నాడు.

పచ్చిపులుసు పోయమన్నాడు. పోశాను.

ఎదురింటి బక్కమ్మ కొడుకులతో పోయి చూసి వచ్చింది. ఆమెకు ఊపిరి సంగతి పట్టలేదు. "కాళ్ల మీద బట్టైతే కప్పిన్రు గని పాదాలు చెరో దిక్కు పడి ఉన్నయి. బొటనవేళ్లు కట్టని పీనుగు యాడన్న ఉంటదా అనసూర్యా? గీ పోరగాళ్లకు సావు గూడ తెల్వది," అన్నది. ఆమె తెచ్చిన బీరకాయలు తీసుకున్నాను.

ఫోనులో జనం రాసినవి ఇందు చదివి వినిపించింది. ఒకడు, పీనుగుకు బహుమానం ఇవ్వాలి, ఇంత బాగా ఊపిరి పీల్చినవాడిని చూడలేదని రాశాడట. ఒకామె, పాటలు లేవు, నిద్ర వచ్చిందని. ఇంకొకరు, చంపిందెవరో చివరి దాకా చెప్పలేకపోయాను, మన ఊరి పిల్లలు బాగా తీశారని. నన్ను గురించి అందరిదీ ఒకే మాట. మొగుడు పోతే కంట్లో చుక్క నీళ్లు లేవు, మొద్దు లెక్క కూర్చుంది, ఈమెను ఎక్కడ దొరకబట్టారు అని.

ఇప్పుడు ఇంకో పంచాయతీ మొదలైంది. సినిమాలో నా చెయ్యి బట్ట కిందికి పోతుందట. చూడండి, ముసలామె ఏదో దాస్తున్నది, షావుకారు కాదు, ఈమెనే చంపింది, డైరెక్టరు కావాలనే వదిలేశాడు, రెండో భాగంలో తేలుతుంది అని వాదులాడుకుంటున్నారు. మొన్న కాలేజీ పిల్లలు మన గడప ముందు నిలబడి ఫోటోలు దిగారు. ఒక పిల్లగాడు, "అవ్వా, మాకొక్కలకే చెప్పు, నువ్వే సంపినవ్ గదా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మంచినీళ్లు తాగుతారా బిడ్డా అని అడిగాను. ఎండలో వచ్చారు.

మార్గశిరంలో సంవత్సరీకం వస్తుంది. దానికి నువ్వు రావాలి. తోడబుట్టినదానివి నువ్వు లేకుండా పెడితే ఆ ముద్ద కాకి ముడుతుందా అని ఇప్పటి నుంచే నాకు ఫికరు. జవాబు రాయి. చెడ్డ జవాబైనా రాయి.

నీ వదిన
అనసూర్య


ఏటూరునాగారం
శ్రావణం చివర

వదినకు పూలమ్మ రాసేది.

మేమందరం బాగున్నాం. మోకాళ్లు అట్లనే ఉన్నాయి. ఆయన చాయ మానలేదు. ఆవు బాగుంది. గోదారి మా దాకా రాలేదు.

నేను రాను. సంవత్సరీకానికే కాదు, ఆ ఇంటి గడప తొక్కను. ఆ మాట బస్టాండులోనే రమేశ్‌కు చెప్పాను. వాడు నీకు చెప్పి ఉండడు.

నా అన్నను బతికుండగానే నేల మీద పీనుగులాగా పడుకోబెట్టిన ఇల్లు అది. మళ్లీ పెద్ద పండుగ దాకా కూడా లేడు. అదే గది, అదే జాగ. ఆట కోసం పడుకోబెట్టిన చోటే నిజంగా పడుకోబెట్టారు. అన్నీ భయపడేదానివి కదా వదినా నువ్వు. పిల్లి ఎదురొస్తే పాల ప్యాకెట్టు తేకుండా తిరిగివచ్చేదానివి. ఆ ఒక్కనాడు నీ భయం ఎక్కడికి పోయింది?

ఇంకొకటి. నువ్వు మొద్దులాగా కూర్చున్నావని జనం రాసిన మాట నాకు రాశావు. వాళ్లు టికెట్టు కొని చూశారు. నేను ఉత్తగనే చూశాను. అన్న పోయిన రోజు మేము కారు మాట్లాడుకుని వచ్చేసరికి నువ్వు ఆయన కాళ్ల దగ్గర ఉన్నావు. నేను మీద పడి, పేరు పేరునా రాగం తీసి ఏడుస్తుంటే నువ్వు నా వైపు కూడా చూడలేదు. చిన్నాయన వేళ్లు కట్టడానికి దారం పట్టుకుని నిలబడితే నువ్వు చెయ్యి తీయలేదు. కడతామంటే వద్దన్నావు. ఇద్దరు ఆడవాళ్లు నీ చెయ్యి ఊడదీస్తే గాని దారం పడలేదు. తంతు కూడా సరిగ్గా జరగనీయలేదు. కంట్లో తడి లేదు.

నేను ఆ సినిమా చూడను. మా వాడకట్టులో చూసినవాళ్లు వచ్చి చెబుతున్నారు, మీ అన్న ఊపిరి తీస్తున్నాడమ్మా అని. ఏమని చెప్పను వాళ్లకు?

పూలమ్మ


మట్టెవాడ, వరంగల్
భాద్రపదం, వినాయకులను నీళ్లలో వేసిన మరునాడు

పూలమ్మా,

నీ జవాబు వచ్చింది. కోపమైనా చేతిరాత నీదే. మీ అన్న రాతలాగే నీ అక్షరాలు కూడా కుడి వైపు వంగుతాయి, ఆ సంగతి ఇన్నేళ్లకు చూశాను.

నవనీత కడుపునొప్పి గురించి రాయలేదు. బాగుంటేనే రాయలేదనుకుంటాను. వానలకు మీ వైపు పురుగూ పుట్రా తిరుగుతాయి, ఆవు దగ్గరికి పోయేటప్పుడు లైటు పట్టుకుపో.

నా భయం ఎక్కడికి పోయిందని అడిగావు. ఎక్కడికీ పోలేదు. చెబుతాను.

పీనుగు వేషానికి హైదరాబాదు నుంచి ఒక ముసలాయన రావాలి. ఆయనకు జ్వరమని రాలేదు. డైరెక్టరు ఓంప్రకాశ్, అదే మన రమేశ్ దోస్తు తమ్ముడు, మగ్గం మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. కెమెరా ఆ ఒక్క రోజుకే మాట్లాడుకున్నారట. మీ అన్నకు వినబడకపోయినా మొహాలు చూసి సంగతి కనుక్కున్నాడు. నేను పండుకుంట, నాకు రాదా పండుకునుడు అన్నాడు. నేను అడ్డం పడ్డాను. పోట్లాడాను. అప్పుడు ఆయన నా చెవిలో అరిచినట్టు అరిచి, "సచ్చిండని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతదంటరు గదనే. గిప్పుడు ఊరు ఊరంత సూస్తది. ఇంక నూరేండ్లు నాకు," అన్నాడు. చెవిటివాళ్లు మెల్లగా మాట్లాడలేరు కదా. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అయినా నా భయం నాదే. దక్షిణం వైపు తల పెట్టమన్నారు, వీల్లేదని తూర్పుకు పెట్టించాను. చాప కింద ఇనుప తాళంచెవి పెట్టాను. తల దగ్గర దీపం నిజంగా ముట్టించనీయలేదు, కరెంటు దీపం పెట్టుకున్నారు. బొటనవేళ్లు కట్టాలని దారం తెచ్చారు. అది మాత్రం చావనైనా చస్తాను గాని కట్టనీయనన్నాను. బతికిన మనిషి కాళ్లకు ఆ ముడి పడగూడదు. అందుకే కాళ్ల మీద బట్ట కప్పారు. బక్కమ్మ తప్పు పట్టింది దాన్నే. అయిపోయాక ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసి మూడు బాటల దగ్గర పారబోశాను. తలస్నానం చేయించాను. ఇంకేం చేయాలో నాకు తెలియలేదు పూలమ్మా. తెలిసి ఉంటే అది కూడా చేసేదాన్ని.

నెల దాటిందో లేదో గుండె పట్టుకుంది. తర్వాతది నీకు తెలుసు. మగ్గం గది తప్ప మన ఇంట్లో పది మంది నిలబడే జాగ లేదు. అక్కడ కాక ఎక్కడ పడుకోబెడతారు?

ఇప్పుడు నిన్ను ఒకటి అడగాలి. ఓంప్రకాశ్ వచ్చాడు. టాకీసులో వారం ఆడి వెళ్లిపోయిందట, ఇప్పుడు ఫోన్లలో వస్తున్నది. జనం ఊపిరి చూసి నవ్వుతున్నారు కాబట్టి, కంప్యూటర్లో ఆ ఛాతీ కదలకుండా చేయొచ్చట. రాయిలాగా నిలబెట్టేయొచ్చట. "తాతను నవ్వులాట జేస్తాన్రు, నాకే మంచిగ అనిపిస్తలేదు అవ్వా. నువ్వు ఊ అంటే ఆపేస్త," అన్నాడు. మంచి పిల్లగాడు. చాయ తాగలేదు, తలవంచుకునే కూర్చున్నాడు.

రమేశ్ ఆపేయమంటున్నాడు. ఇందు వద్దంటున్నది. నన్ను అడిగితే నాకేమీ తోచడం లేదు. కూరలో ఉప్పు చాలిందా అని అడిగినా ఈ మధ్య నాకు తోచడం లేదు. యమున వచ్చి రుచి చూసి పోతుంది. మునుపు చీటికీ మాటికీ గుండె దడదడలాడేది. ఇప్పుడు భయం తలలోకి వస్తుంది గాని కిందికి దిగదు.

ఆ ఊపిరి నీ అన్నది. నాకంటే ముందు నుంచి ఎరిగినదానివి నువ్వు. ఉంచాలో ఆపాలో నువ్వు చెప్పు. ఇంటికి రాకున్నా ఇది చెప్పు.

అనసూర్య


ఏటూరునాగారం
సద్దుల బతుకమ్మ వెళ్లాక

వదినకు,

నవనీతకు కిడ్నీలో రాయి ఉందన్నారు, మందులు వాడుతున్నది, నీళ్లు ఎక్కువ తాగమన్నారు. ఈసారి మా ఇంట్లో బతుకమ్మ పేర్చలేదు. పుట్టింటి పసుపుకుంకుమ తెచ్చే అన్న లేడు, పేర్చబుద్ధి కాలేదు. మీ ఇంట్లో ఎట్లాగూ ఏడాది దాకా పండుగ లేదు.

నువ్వు అడిగింది చెప్పడానికి చూడక తప్పలేదు. చూడకుండా ఎట్లా చెప్పాలి? నవనీత ఫోన్ తీసుకుని కొట్టంలోకి పోయాను. అక్కడ సిగ్నల్ కొంచెం వస్తుంది. మొగుడికి తెలిస్తే, చూడనన్నావు కదా అని దెప్పుతాడు.

సినిమా సంగతి ఏం చెప్పను. నన్ను అడిగితే పోలీసు వేషం వేసినాయన బాగా చేయలేదు. షావుకారు వచ్చీరాగానే వీడే అని నాకు తెలిసిపోయింది, మంచివాడు అన్ని పండ్లు పట్టుకురాడు. మన మగ్గం గది చూసి మాత్రం ఎర్రావును పట్టుకుని నిలబడ్డాను. గూట్లో మా అమ్మ పెట్టిన సున్నపు డబ్బా అట్లనే ఉంది.

తర్వాత అన్న వచ్చాడు. మీసం కత్తిరించుకున్నాడు. కెమెరా కోసమేనా?

ఊపిరి పైకి తీసిన చోట ఫోన్ ఆగిపోయింది. మధ్యలో చక్రం ఒకటి తిరుగుతూ ఉంది. అన్న ఛాతీ పైకి లేచి అట్లనే ఉంది. నేను కూడా అట్లనే ఉన్నాను. సిగ్నల్ వచ్చి ఆయన దించాకనే నేను దించాను. మళ్లీ వెనక్కి జరిపి చూశాను. ఆయన చిన్నప్పుడు దగ్గు వచ్చేముందు అట్లనే కొంచెం ఆపి తీసేవాడు. మా అమ్మ లేచి వీపు రాసేది.

ఊపిరి ఉంచమను. నవ్వితే నవ్వనీ. టాకీసు మొత్తం చూస్తుండగా బతికి ఉన్నాడు, దాన్ని రాయిని చేస్తారా? నా మాటగా ఆ పిల్లగానికి చెప్పు.

కానీ వదినా, నీ చెయ్యి చూశాను. జనం ఉత్తగనే అనడం లేదు. ఆయన కాళ్ల మీది బట్ట కిందికి నీ చెయ్యి పోయింది, మళ్లీ బయటికి రాలేదు. నువ్వు అటూ ఇటూ చూస్తున్నావు, ఎవరిదో మాట కోసం చూస్తున్నట్టు. జనం హంతకురాలివి అంటే అంటారు, వాళ్లకు ఆట. నేను ఆ చూపు ఎరుగుదును. ఆ రోజు కూడా నీ చెయ్యి అక్కడే ఉంది. అదే బట్ట కింద, అదే జాగలో. అప్పుడూ అట్లనే చూస్తున్నావు.

ఏం చేస్తున్నావు అక్కడ? అన్నకు చెల్లెలిని, నాకు చెప్పు. చెప్పకుంటే ఇదే నా ఆఖరి ఉత్తరం.

పూలమ్మ


మట్టెవాడ, వరంగల్
దీపావళి ముందు

పూలమ్మా,

నవనీతకు ఉలవ కట్టు తాగించు, రాయికి మంచిదంటారు. డాక్టరును అడిగే తాగించు.

మీసం కెమెరా కోసమే. కత్తెర తెమ్మని నన్ను ముప్పుతిప్పలు పెట్టాడు.

చెయ్యి సంగతి రమేశ్‌కు కూడా చెప్పలేదు. చెప్పడానికి అది పెద్ద సంగతేమీ కాదు. చిన్న సంగతి కాబట్టే ఎవరికి చెప్పాలో తెలియలేదు.

సినిమావాళ్లు పని ఆపాలంటే కట్ అని అరుస్తారు. మీ అన్నకు అది వినబడదు. కళ్లు మూసుకుని ఉంటాడు కాబట్టి కనబడదు కూడా. మొదటిసారి వాళ్లు కట్ అని, చాయకు పోయారు. నేను వంటింట్లోకి పోయాను. వచ్చి చూస్తే మీ అన్న ఒక్కడే గదిలో బిగుసుకుని పడుకుని ఉన్నాడు. ఎవరూ లేపలేదు. భుజం పట్టి ఊపితే కళ్లు తెరిచి, "అయిందని చెప్పరా? కాటికి దీస్కపోయేదాక గిట్లనే పండుకోవాన్నా?" అని అరిచాడు. నేను హడలిపోయాను, ఆ మాట అనకు అని ఆయన నోరు మూశాను.

అప్పుడు ఆయనే ఉపాయం చెప్పాడు. నన్ను పక్కన కూర్చుని ఏడ్వమన్నారు కదా, తల దగ్గర కాదు, కాళ్ల దగ్గర కూర్చోమన్నాడు. "బట్ట కిందికెల్లి నా బొటనవేలు పట్టుకో. ఆ పోరడు కట్ అంటే నొక్కు. నువ్వు నొక్కితే నేను లేస్త," అన్నాడు.

అదే నేను దాచింది. ఆయన వేలు.

ఏడ్పు ఎట్లా వస్తుంది పూలమ్మా? నా చెవులన్నీ ఓంప్రకాశ్ నోటి మీద ఉన్నాయి. ఒక్క కట్ వినకపోతే మనిషి అట్లనే పడి ఉంటాడు. నొక్కేదాన్ని. లేచేవాడు. లేచినప్పుడల్లా, "బాగ సచ్చిన్నా?" అని అడిగేవాడు. బాగనే చచ్చావు గాని ఊపిరి తీస్తున్నావు అని సైగ చేసేదాన్ని. "ఊపిరి తియ్యకుంట ఎట్ల సస్తరే," అనేవాడు. మళ్లీ పడుకునేవాడు. పొద్దంతా నొక్కాను, పొద్దంతా లేచాడు. ఒక్కసారి కూడా తప్పలేదు.

తర్వాత ఆ రోజు వచ్చింది. దవాఖాన నుంచి తెచ్చి అక్కడే పడుకోబెట్టారు. జనం నిండారు. నేను పోయి కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకు తెలియదు, అలవాటైన జాగ. చెయ్యి బట్ట కిందికి పోయింది. నొక్కాను.

సరిగా నొక్కలేదేమో అనుకున్నాను. మగ్గం తొక్కీ తొక్కీ ఆయన వేలు తోలులాగా మొద్దుబారి ఉండేది కదా. గోరుతో నొక్కాను. మళ్లీ, ఎవరూ కట్ అనలేదు కదా, అనకుండా నొక్కితే ఎట్లా లేస్తాడు అనిపించింది. నీకు నవ్వు వస్తుందేమో. నేను నిజంగానే అట్లా అనుకున్నాను. ఎవరైనా అంటారేమో అని అందరి మొహాలు చూశాను. నువ్వు వచ్చి మీద పడ్డావు. నీ మొహం కూడా చూశాను. నువ్వు ఏడుస్తున్నావు. చిన్నాయన దారం తెచ్చాడు. ఆ ముడి పడితే ఇక నొక్కినా లేవలేడని చెయ్యి తీయలేదు. వాళ్లు తీశారు. కట్టారు.

ఏడాది కావస్తున్నది, ఇప్పటికీ నా చెయ్యి అక్కడే ఉన్నట్టుంటుంది. బువ్వ తింటున్నా, గిన్నెలు తోముతున్నా. ఏడవమని యమున కూడా అంటుంది, తేలికవుతుందని. రాదు. నేను దాచుకున్నానేమో అని వెతుక్కున్నాను కూడా.

నువ్వు చెప్పినట్టే ఓంప్రకాశ్‌కు చెప్పాను. ఊపిరి ఉంచేశాడు. పోతూపోతూ గడప దగ్గర ఆగి ఒక మాట అన్నాడు. కెమెరా కట్ అనగానే ఆగదట, కొంచెంసేపు ఇంకా నడుస్తదట. సినిమాలో పెట్టని ఆ ముక్క అతని దగ్గర ఉందట. "తాత లేసుడు, నవ్వుడు, నీతోటి మాట్లాడుడు, అన్ని ఉన్నయవ్వా. సూస్తవా?" అని సంచిలోంచి కంప్యూటర్ తీయబోయాడు.

వద్దన్నాను. తర్వాత చూస్తాలే బిడ్డా అని పంపించాను. చూస్తే లేస్తాడు పూలమ్మా. ఆ ముక్క అయిపోయాక మళ్లీ పడుకోబెట్టాలి. ఈసారి నేను ఒక్కదాన్నే పడుకోబెట్టలేను.

ఇంత రాశాను, ఇక నీ ఇష్టం. చలి మొదలైంది, మోకాళ్లకు నువ్వుల నూనె రాయించుకో.

అనసూర్య


ఏటూరునాగారం
కార్తీకం

వదినా,

నీ ఉత్తరం చదివి మళ్లీ మడత పెట్టాను. మా ఆయన అడిగితే, ఏం లేదు, నవనీతకు ఉలవ కట్టు తాగించమని రాసింది అన్నాను.

ఆ రోజు నువ్వు నా మొహం చూసినప్పుడు నేను నీ చెయ్యిని చూసి పళ్లు కొరుక్కున్నాను. ఆ మాట ఇంతే రాస్తాను, ఎక్కువ రాయడం నాకు రాదు.

మళ్లీ చూశాను సినిమాను. ఈసారి అన్నను కాదు, నిన్ను చూశాను. జనానికి ఏం తెలుసు? ఫోన్లో వాళ్లకు జవాబు రాయమని నవనీతకు చెప్పబోయి ఊరుకున్నాను. వాళ్లను అట్లనే అనుకోనీ. కట్ అని ఎవరు ఎప్పుడు అంటారా అని చూస్తున్న మనిషి ఎట్లా ఉంటుందో వాళ్లకు ఎవరు చెప్పాలి.

ఆ ముక్క నువ్వు ఒక్కదానివి చూడకు. ఆ పిల్లగాడు మరిచిపోయి ఎక్కడన్నా చెరిపేస్తాడేమో, జాగ్రత్తగా పెట్టుమని రమేశ్‌తో చెప్పించు. నేను వస్తాను. నువ్వు కాళ్ల దిక్కు కూర్చో, నేను తల దిక్కు కూర్చుంటాను. లేవనీ. మా అన్న నవ్వుతుంటే నేను చూసి ఎన్నేండ్లయిందో తెలుసా నీకు, ఎప్పుడు వచ్చినా నా బస్సు తొందరనే నాది. తర్వాత ఇద్దరం కలిసి పడుకోబెడదాం.

అయ్యగారిని అడిగి దినం ఖాయం చేసి రాయి. అన్నకు ఇష్టమని చిక్కుడుకాయలు తెస్తాను, మా పెరటివి. ఈసారి ఫోన్ కూడా ఎత్తుతాను. కానీ నువ్వు ఉత్తరమే రాయి.

పూలమ్మ


మట్టెవాడ, వరంగల్
కార్తీకం

పూలమ్మకు,

అందరూ బాగున్నారని తలుస్తాను. అయ్యగారు మార్గశిర విదియ అన్నారు, శనివారం పడింది. ఆ రోజు ముందు ఆయనకు పెట్టి, కాకి ముట్టినాక, మనం తిని, అప్పుడు చూద్దాం. ఓంప్రకాశ్‌కు చెప్పాను, మధ్యాహ్నం కంప్యూటర్ పట్టుకుని వస్తానన్నాడు. రెండు చోట్ల దాచి పెట్టానని చూపించాడు కూడా. చూడకుండా తల తిప్పుకున్నాను.

మగ్గం గది యమునతో అలికించాను. నీ మోకాళ్లకు కింద కూర్చోవడం కాదేమో అని బక్కమ్మ ఇంటి నుంచి ఎత్తు పీట అడిగాను. పీట మీద కూర్చుంటే తల దిక్కు సరిపోతావో లేదో, అది కూడా ఫికరే. నిన్న కూరలో ఉప్పు ఎక్కువైంది. నాకే తెలిసింది.

గురువారం అమావాస్య ఉంది, ఆ రోజు బయలుదేరకు. మరునాడు మొదటి బస్సుకు రా, వెనక సీటులో కూర్చోకు, ములుగు దగ్గర రోడ్డు పని నడుస్తున్నదని రమేశ్ అన్నాడు. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు. చిక్కుడుకాయలు ఎక్కువ మోయకు. బస్టాండులో రమేశ్ ఉంటాడు, వాడు కనబడేదాకా కదలకు. నేను గడపలోనే ఉంటాను.

నువ్వు బస్సెక్కేది నవంబరు ఇరవై ఒకటి, శుక్రవారం.

నీ వదిన
అనసూర్య